నూరు మీద నిలిచిన ముల్లు

"బండిని నూరు మీదనే తెచ్చిన కాకా. అబద్ధమెందుకాడుత?"

లాకప్ ఊచల వెనక నుంచి నరేశ్ అన్న ఆ ఒక్క మాటే వాణ్ణి ముంచింది. నిన్న పోలీసుల ముందు కూడా ఇదే మాట గర్వంగా చెప్పుకున్నాడట. ఇప్పుడు డిటెక్టివ్ సోమలింగం ముందు అదే మాట ఏడుపు గొంతుతో చెబుతున్నాడు.

సోమలింగం బీడీ తీసి, వెలిగించకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. గోడ మీది గడియారం పన్నెండూ పది చూపిస్తోంది. సాయంత్రం ఐదింటికి నరేశ్‌ని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. ఆ లోపు ఏదో ఒకటి తేలకపోతే, ఇరవై రెండేళ్ల ఈ పిల్లగాడు అక్కడి నుంచి నేరుగా జైలుకే.

"మొదటి నుంచి చెప్పు బిడ్డా. తొందరేం లేదు," అన్నాడు, చాలా తొందర ఉన్నా.

జరిగింది ఇది. నిన్న మంగళవారం మధ్యాహ్నం అమ్రోలిలో, రిటైరైన బ్యాంకు మేనేజరు గోవిందరాజులు గారు తన షెడ్‌లో తలపగిలి పడి ఉన్నారు. ఇంకా స్పృహ రాలేదు. ఆయనకు ప్రాణంకన్నా ఎక్కువైన క్రూజర్ మోటార్‌సైకిల్ ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా బండి. దానికి కొత్త సైలెన్సర్ బిగించుకు రమ్మని ఆయనే, బండిని బాగుచేసేవాడి కొడుకైన నరేశ్‌ని పొద్దున కిమ్ అనే ఊరికి పంపారు. తిరిగొస్తూ నరేశ్ కిమ్‌లో పెట్రోలు పోయించుకున్నాడు. బంకు చీటీ మీద టైము రెండూ పది. షెడ్‌లో కిందపడి పగిలిన గోడగడియారం ఆగింది రెండూ ఇరవయ్యారుకు. నరేశ్ కేకలు విని పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చింది రెండూ ముప్పై ఏడుకు.

బంకు నుంచి షెడ్‌కి ఇరవై రెండు కిలోమీటర్లు. పదహారు నిమిషాలు. నూరు మీద వచ్చేవాడికి, మలుపులూ గతుకులూ పోనూ, సరిగ్గా సరిపోయే లెక్క. వచ్చాడు, కొట్టాడు, పదకొండు నిమిషాలు ఆనవాళ్లు తుడుచుకున్నాడు, ఆ తర్వాత దొంగ ఏడుపు ఏడ్చాడు. పోలీసుల కథ అక్కడితో అయిపోయింది.

"నువ్వు వచ్చేసరికి సార్ పడే ఉన్నడా?"

"పడే ఉన్నడు కాకా. రకతం గడ్డ కట్టింది. వచ్చుడు వచ్చుడే ఒర్రిన."

"బంకు కాడి నుంచి సీదా వచ్చినవా? ఎక్కడన్న ఆగినవా?"

"ఎక్కడా ఆగలే. బయల్దేరే ముంగట సార్‌కు ఫోన్ చేసిన, షెడ్ల ఫోన్‌కు. 'బయల్దేరిన సార్' అన్న. 'హూఁ' అని పెట్టేసిండు." నరేశ్ ఊచలకు నుదురు ఆనించాడు. "ఎప్పుడు ఎత్తినా 'గోవిందరాజులు హియర్' అంటడు కాకా. బ్యాంకు అలవాటు. నిన్ననే ఎందుకో అనలే."

"ఈ ఫోన్ ముచ్చట పోలీసులకు చెప్పినవా?"

"ఎవరూ అడగలే. నేనూ చెప్పలే. వాళ్లు ఎంతసేపు అడిగినా స్పీడ్ ముచ్చటే."

సోమలింగం ఆ మాటను మనసులో ఒక మూలన పెట్టాడు. పద్దెనిమిదేళ్లు సాంచాల మీద జాబర్‌గా, అంటే మరమగ్గాలు మొరాయిస్తే బాగుచేసేవాడిగా బతికిన మనిషి. ఏ బోల్టు ఎక్కడ పనికొస్తుందో ముందే తెలియదని, దొరికిన ప్రతిదాన్నీ డబ్బాలో వేసుకోవడం ఆ పనిలో అలవాటైంది. మిల్లు మూతపడ్డాక డిటెక్టివ్ అయినా ఆ డబ్బా ఖాళీ కాలేదు.

*

షెడ్ తలుపు తీసింది వరుణ్. గోవిందరాజులు గారి మేనల్లుడు. ముప్పై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, నిద్రలేని కళ్లు. భరూచ్‌లో ఉద్యోగం. నిన్న సాయంత్రం నాలుగింటికి కబురు తెలిసి పరుగున వచ్చానన్నాడు. అందరికీ తనే చాయ్ తెచ్చిచ్చాడు.

లోపల అప్పటికే జయదేవ్ ఉన్నాడు. ఒకప్పుడు సీఐడీలో పనిచేసి ఇప్పుడు రింగ్ రోడ్డులో ఏసీ ఆఫీసు పెట్టుకున్న డిటెక్టివ్. కుటుంబం తరఫున వరుణ్ ఆయన్ని కుదుర్చుకున్నాడు. సోమలింగాన్ని కుదుర్చుకుంది నరేశ్ తండ్రి రాజనర్సు. ఫీజు కింద అతను ఇచ్చింది దండం మాత్రమే.

"రండి మాస్టారూ," అన్నాడు జయదేవ్. "మీరు వచ్చేలోగా కేసు ముగిసిపోతుందేమోనని భయపడ్డాను."

"ముగిస్తే మంచిదే సార్. చాయ్ తాగి పోత."

గోడ మీద గోవిందరాజులు గారి చేతిరాతలో ఒక పట్టిక ఉంది. 'పాత క్రూజర్లు, గరిష్ఠ వేగాలు.' యుద్ధకాలపు ఏడొందల యాభై సీసీ బండికి గంటకు నూట ఐదు కిలోమీటర్లు. ఆ తర్వాతి పన్నెండొందల సీసీకి నూట యాభై. ఇంకా కొన్ని. అడుగున ఎర్ర సిరాతో ఒక వాక్యం: 'ఈ అంకెలన్నీ కొత్త బండికి, చదును రోడ్డుకి, సన్నటి మనిషికి.'

సోమలింగానికి ఆ మనిషి నచ్చాడు.

"నూట ఐదు," అన్నాడు జయదేవ్ పట్టికను వేలితో కొట్టి. "కంపెనీ పుస్తకంలో కూడా అంతే. నూరు సాధ్యమే."

"సాధ్యమేనండీ," అన్నాడు వరుణ్ మెల్లగా. "మొన్న మామయ్య వెనక కూర్చుని నా కళ్లతో చూశాను. ముల్లు నూరు దాటింది. ఆ నరేశ్‌ని మామయ్య ఇంట్లో మనిషిలా చూసుకున్నాడు. కిమ్ నుంచి ఫోన్ చేసి మరీ బయల్దేరి, పదహారు నిమిషాల్లో వచ్చి ఇంత పని చేశాడంటే…" ఖాళీ చాయ్ గ్లాసులు ఏరి పక్కన పెట్టాడు. "నేను హాస్పిటల్‌కి వెళ్తానండీ. అత్తయ్య ఒక్కతే ఉంది."

అతను వెళ్లిపోయాక షెడ్ నిశ్శబ్దమైంది. పైకప్పు రేకు చిల్లుల్లోంచి వెలుతురు నాణేల్లా నేల మీద పడుతోంది. మధ్యలో ఆ బండి, వెడల్పాటి సీటు, వంగిన హ్యాండిల్, ఆలివ్ రంగు ట్యాంకుతో, గడ్డి మేసి పడుకున్న పెద్ద జంతువులా ఉంది. దాని పక్కన గొంతుక్కూర్చుని రాజనర్సు, ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుని. ఇంజను ముక్క ముక్క విప్పి కట్టింది అతనే. పదకొండేళ్ల ఆదివారాలు ఆ బండికిందే గడిచాయి. అలవాటు లేనివాళ్లు ఎంత తన్నినా అది స్టార్టు కాదు. అందుకే పిలిపించారు.

"రాజన్నా, ఏమన్న చెప్పేదుందా?" అన్నాడు సోమలింగం.

రాజనర్సు తల అడ్డంగా ఊపాడు. నోరు తెరవలేదు. సంచిని మాత్రం ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

కొడుకు లాకప్‌లో ఉంటే తండ్రి ఇలా నోరెందుకు కట్టుకున్నాడో సోమలింగానికి అర్థం కాలేదు. దాన్నీ డబ్బాలో వేశాడు.

బల్ల మీద ఒక నోటుబుక్కు కనపడింది. గోవిందరాజులు గారు ప్రతి సవారీనీ రాసిపెట్టుకున్నారు. సోమలింగం పేజీలు తిప్పాడు.

'ఆగస్టు 20. కిమ్ రోడ్డు. ముల్లు 90. కళ్లలో నీళ్లు తప్ప ఏమీ చూడలేదు.'

'సెప్టెంబరు 3. జారిపడ్డాను. జబ్బ ఎముక. సీత మాట్లాడటం లేదు.'

'నవంబరు 12. మళ్లీ ఎక్కాను. ముల్లు 98. కొంగ రెక్కలు ఎన్నిసార్లు కొట్టిందో లెక్కపెట్టగలిగాను. వేగం పెరిగేకొద్దీ లోకం నెమ్మదిస్తుంది. ఈ సంగతి ఇంత ముసలితనంలో తెలియాలా!'

సోమలింగం చివరి వాక్యాన్ని రెండుసార్లు చదివాడు.

"కవిత్వం తర్వాత చదువుకుందురుగాని," అన్నాడు జయదేవ్. "పోలీసుల అనుమతి తెచ్చాను. బండిని నేనే నడుపుతాను. వెనక మీరు కూర్చోండి. ముల్లు నూరు తాకిందని ఇద్దరం సంతకాలు పెడదాం. తాకకపోతే మీ వాణ్ణి నేనే విడిపిస్తాను."

"తాకితే?"

"తాకితే మీరు చాయ్ తాగి వెళ్లిపోదురుగాని."

*

రాజనర్సు మూడో తన్నుకి బండి మేలుకుంది. అక్కడ మళ్లీ స్టార్టు చేయడానికని రాజనర్సును ఎక్కించుకుని, జయదేవ్ కారు డ్రైవరు ముందే కిమ్ బంకుకి వెళ్లిపోయాడు. రైల్వే గేటు దగ్గర జయదేవ్, సోమలింగం చాలాసేపు ఆగవలసి వచ్చింది. "టైము లెక్కలోకి రాదు, ముల్లు ఒక్కటే లెక్క," అన్నాడు జయదేవ్. గేటు దాటాక రోడ్డు తిన్నగా, ఖాళీగా, రెండువైపులా చెరుకు తోటలతో పరుచుకుంది. జయదేవ్ పిడి తిప్పాడు.

ఇంజను గుండె గట్టిగా కొట్టుకోసాగింది. ఆ మోతకు సోమలింగం పళ్లు కూడా అదిరాయి. జయదేవ్ భుజం మీదుగా చూశాడు. డెబ్బై. ఎనభై. తొంభై.

నూరు.

ముల్లు అక్కడ వణుకుతూ నిలబడింది.

"చూశారా మాస్టారూ!" అని అరిచాడు జయదేవ్, డయల్ మీంచి కళ్లు తిప్పకుండా.

సోమలింగం చూశాడు. కాని ముల్లును కాదు. చెరుకు ఆకుల మీద ఎండ మెల్లగా జారుతోంది. గట్టు మీద ఒక ఆడమనిషి చీర ఆరేస్తోంది. ఆకుపచ్చ చీర, పసుపు అంచు. అంచు మీద చిన్న చిన్న మామిడిపిందెలు. అవి మామిడిపిందెలని తెలిసేంత తీరిక దొరికింది. పాలక్యాన్ల మోపెడ్ ఒకటి ముందు కనిపించింది. దాన్ని దాటారు. దాటుతూ ఉండగా క్యాను మీది సొట్టలు లెక్కపెట్టాడు. మూడు. ఒక కొంగ పక్కన ఎగురుతూ వచ్చింది, ఏదో మాట చెప్పడానికి వచ్చి మరిచిపోయినట్టు. రెక్కలు తీరిగ్గా కిందికి, మళ్లీ పైకి.

ఇంత హాయి నూరు మీద ఉంటుందా? చెవులు నూరు అంటున్నాయి. ముల్లు నూరు అంటోంది. ఆ రెండూ అంటే కళ్లు ఎదురుచెప్పవు. కళ్లు కలగంటాయి, అంతే. గోవిందరాజులు గారూ ఇదే కల కన్నారు. నరేశూ ఇదే కన్నాడు. ఆ కలలోనే ఉండిపోవాలని సోమలింగానికీ ఒక్క క్షణం అనిపించింది.

అప్పుడు రోడ్డు పక్కన కిలోమీటరు రాయి కనపడింది.

పాత సాంచా నిమిషానికి నూట ఇరవై పోట్లు వేస్తుంది, అంటే సెకనుకు రెండు దెబ్బలు. పద్దెనిమిదేళ్లు దాని పక్కన నిలబడ్డ ఒంట్లోంచి ఆ పోటు ఎప్పటికీ పోదు. నిద్రలోనూ కాలి బొటనవేలు కొట్టుకుంటూనే ఉంటుంది. సోమలింగం రాయి దాటగానే కళ్లు సగం మూసుకుని ఆ పోటును మొదలుపెట్టాడు. ఖట్, ఖట్, ఖట్, ఖట్. నూరు మీద వెళ్తుంటే డెబ్బై రెండో పోటుకి రెండో రాయి రావాలి.

డెబ్బై రెండు. రాలేదు.

తొంభై. చెరుకు. నూరు. చెరుకు. ఇంకా చెరుకే.

నూట పద్దెనిమిదో పోటుకి రాయి వచ్చింది.

మళ్లీ లెక్కపెట్టాడు. నూట పదిహేడు. ఇంకోసారి. నూట పద్దెనిమిది. ముల్లు మాత్రం ఈ మూడు రాళ్ల పొడవునా నూరు మీద నిద్రపోయినట్టు ఉంది.

*

కిమ్ బంకులో బండి ఆపి, జయదేవ్ హెల్మెట్ తీశాడు. జుట్టు సరిచేసుకుని సంతకానికి కాగితం తీశాడు.

"నూరు. కాదంటారా?"

"ముల్లు నూరే సార్. బండి అరవై ఒకటి."

జయదేవ్ నవ్వాడు. సోమలింగం రాళ్ల సంగతి, పోట్ల సంగతి చెప్పాడు. జయదేవ్ ఇంకా గట్టిగా నవ్వాడు. "మీ కాలి బొటనవేలును సాక్షిగా బోను ఎక్కిద్దామా? కోర్టు మీ సాంచా మోత వింటుందా మాస్టారూ?"

"వినకున్నా మంచిదే. కోర్టుకు లెక్కపెట్టొస్తది గద. పళ్లు లెక్కపెడ్తది." సోమలింగం మోకాళ్ల మీద కూర్చుని ఇంజను వైపు చెయిన్ మూత బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. "సార్, సాంచాల పళ్ల చక్రం ఒకటి మారిస్తే అదే నూలు, అదే మోత, గుడ్డ మాత్రం పల్చనయితది, లేకుంటే చిక్కనయితది. మా జాబర్లకు చేతనైన మాయ అదొక్కటే. ఈ ముల్లుకు తీగ ఎక్కడి నుంచి వస్తున్నది? గేరుపెట్టె నుంచి. వెనక టైరు నుంచి కాదు. నడుమ చిన్న పళ్ల చక్రం పెడితే గేరుపెట్టె ఎంత తిరిగినా వెనక టైరు దానంత తిరగదు. ముల్లుకు ఆ ముచ్చట తెల్వదు."

మూత ఊడింది. జిడ్డు తుడిచి వేలితో లెక్కపెట్టాడు. "పదిహేడు. మీ పుస్తకంల ఎన్నున్నయి?"

జయదేవ్ నవ్వు ఆపి పుస్తకం తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. "ఇరవై ఎనిమిది," అన్నాడు.

రాజనర్సు కారు పక్కన నిలబడి ఉన్నాడు. సంచిలో చెయ్యిపెట్టి బరువైన ఇనుప చక్రం ఒకటి తీసి సోమలింగం చేతిలో పెట్టాడు. దానికి ఇరవై ఎనిమిది పళ్లు.

"రాజన్నా…"

"నేను చెప్పలే," అన్నాడు రాజనర్సు. "నువ్వు లెక్కపెట్టినవ్. నేను నోరు తెరువలే. సార్ భార్య సీతమ్మ గారు ఏడ్సుకుంట అడిగింది, ఆయన పానం పోతది, స్పీడ్ తగ్గియ్యి, ఆయనకు మాత్రం తెల్వనియ్యకు అన్నది. నరేశ్ నెత్తి మీద ఒట్టేయించింది. ఒట్టు తప్పితే వానికేమన్న అయితదని నిన్నటి నుంచి నాలుక కరుసుకున్న. ఎవరన్న తమంత తామే పళ్లు లెక్కపెడితే చూపెడ్దామని పాత చక్రం సంచిల ఏసుకున్న."

కొడుక్కి ఏమీ కాకూడదని నోరు కట్టుకున్నాడు. ఆ మౌనమే కొడుకును జైలు దాకా నెట్టింది.

"అరవై ఒకటి అంటే," అన్నాడు జయదేవ్ నెమ్మదిగా, తనలో తాను, "మలుపులు పోనూ ఇరవై ఐదు నిమిషాలు. రెండూ ముప్పై ఐదుకి వచ్చాడు. ముప్పై ఏడుకి కేకలు. కుర్రాడు చెప్పింది నిజం." తల ఎత్తాడు. "మరి గడియారం?"

"గడియారం రెండూ ఇరవయ్యారుకు ఆగలే. ఎవడో ముండ్లు తిప్పి అక్కడ పెట్టి పగలగొట్టిండు. వానికి రెండు సంగతులు తెల్వాలె. ఒకటి, నరేశ్ ఎప్పుడు బయల్దేరిండో. రెండు, ఆ బండి నూరు పోతదని. రెండో సంగతి వాడు కండ్లార చూసిండు. అదే వాని కొంప ముంచింది." సోమలింగం చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "సార్, ఒక్క ముచ్చట అడుగుత. నరేశ్ కిమ్ నుంచి ఫోన్ చేసిండని మీకెవరు చెప్పిండ్రు?"

"వరుణ్. ఇందాక షెడ్‌లో మీ ముందే అన్నాడుగా."

"వరుణ్‌కు ఎవరు చెప్పిండ్రు?"

జయదేవ్ సంతకాల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నరేశ్ పోలీసులకు ఆ మాటే చెప్పలే. చెప్పింది నాకొక్కనికే, ఇయ్యాల పన్నెండింటికి. నేనెవరికీ చెప్పలే. ఇగ ఆ ఫోన్ సంగతి తెలిసినోడు ఒక్కడే సార్. షెడ్ల నిలబడి, ఎత్తి, 'హూఁ' అన్నోడు."

జయదేవ్ ముఖం తెల్లబోయింది. తనను కుదుర్చుకున్నది, పుస్తకం చేతికిచ్చింది, నూరు దాటడం కళ్లతో చూశానని చెప్పింది ఎవరో అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది.

సోమలింగం అప్పటికే సెల్‌ఫోన్ తీసి సీతమ్మ గారికి కలిపాడు. మూడూ నలభై అయింది.

"అమ్మా, నేను సోమలింగాన్ని. చక్రం ముచ్చట మాకు ఎరుకైంది."

అటువైపు నుంచి పెద్ద నిట్టూర్పు. "బతికించారు సోమలింగం గారూ. ఆ ఒట్టు నేనే వేయించుకున్నాను, పాపిష్టిదాన్ని. దానితో ఆ పిల్లాడికి ఏం సంబంధమో నాకు తట్టలేదు. ఇక్కడ ఆయన వేళ్లు కదిపారండీ! సాయంత్రానికి మాట్లాడవచ్చు అన్నారు డాక్టరు గారు. ఆ సంతోషం పట్టలేక అంతా కక్కేశాను. ముల్లు ఉత్తదేనని, ఆ బండి అరవై దాటదని, వరుణ్‌కి ఇప్పుడే చెప్పేశాను."

సోమలింగం కాలి బొటనవేలు కొట్టుకోవడం ఆగిపోయింది.

"వరుణ్ ఏమన్నడమ్మా?"

"ఏమీ అనలేదండీ. గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు కాసేపు. వాడు ముంబయి వాళ్లకి ఈ బండి అమ్ముతానని మాటిచ్చాడని ఈయన మొన్న బాగా కోప్పడ్డారు, అది గుర్తొచ్చి బాధపడుతున్నాడేమో అనుకున్నాను. తర్వాత లేచాడు. మీరు వరండాలో కాస్త నడుం వాల్చండి అత్తయ్యా, మామయ్యకు నిద్ర చెడుతుంది అని, లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు."

"తలుపు కొట్టుండ్రి! నర్సును పిలువుండ్రి! మేం వచ్చేదాక కొడుతనే ఉండుండ్రి, ఫోన్ పెట్టెయ్యకుండ్రి!"

జయదేవ్ డ్రైవరును బయటికి లాగి తనే స్టీరింగు ముందు కూర్చున్నాడు. సోమలింగం తలుపు మూసేలోపే కారు కదిలింది. వెనక అద్దంలో ఆ పాత బండి, దాని పక్కన ఖాళీ గుడ్డసంచి పట్టుకున్న రాజనర్సు చిన్నగా అయిపోయారు.

ముల్లు డెబ్బై. తొంభై. నూరు. ఈసారి చెరుకు లేదు, గట్టు లేదు, ఆడమనిషి లేదు, కొంగ లేదు. కిటికీ అవతల ఒక ఆకుపచ్చ గీత, అంతే. కళ్లలో నీళ్లు తప్ప ఏమీ కనపడలేదు.

హాస్పిటల్ షెడ్ పక్క వీధిలోనే. ఇరవై రెండు కిలోమీటర్లు, పదహారు నిమిషాలు. నిన్న ఎవరూ చేయని ఆ ప్రయాణాన్ని ఇవాళ వీళ్లు చేసి తీరాలి.

చెవి దగ్గర ఫోన్‌లో సీతమ్మ గారు తలుపు కొడుతున్నారు. ఖట్, ఖట్, ఖట్. "వరుణ్, తలుపు తియ్యరా. వరుణ్!" సోమలింగం తెలియకుండానే ఆ చప్పుళ్లను లెక్కపెట్టసాగాడు. యాభై. అరవై. డెబ్బై.

డెబ్బై రెండో దెబ్బకి తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఆ వెంటనే సీతమ్మ గారి ఫోన్ నేల మీద పడింది. అందులోంచి నర్సు కేక వినిపించింది: "ముందు ఆ దిండు తీసెయ్యండి, ఊపిరి ఉంది!"